తెల్ల ఎర్రగడ్డ

ధర పెరిగినప్పుడు తప్ప ఉల్లిపాయ సంగతి పత్రికలకు గుర్తుకు రాదు. చవకగా దొరికినన్నాళ్ళు కూరలబుట్టలో అడుగున పడి ఉంటుంది. 2019 డిసెంబరులో లాగా కిలో వంద రూపాయలు దాటిందంటే మొదటి పేజీకెక్కి కూర్చుంటుంది. ఈ వారం నేను చెప్పదలచుకున్నది దాని ధరను గురించి కాక రంగును గురించి.

కిందటి నెలలో గుత్తివంకాయలో ఉల్లికారం కూరే పద్ధతి ఈ శీర్షికన రాశాను. దానిమీద ఒక గృహిణి ఉత్తరం రాశారు. "మా వీధి చివర అంగడిలో తెల్ల ఉల్లిపాయలు పెట్టారు. ఎర్రవాటికంటే ఖరీదు. ఇవి తింటే ఒంటికి చలవ అనీ, వడదెబ్బ తగలదనీ అంగడివాడు చెబుతున్నాడు. మా అత్తగారు కొనమంటున్నారు, మావారు దండగ అంటున్నారు. వీటితో ఉల్లికారం చేయవచ్చునా?" అని వారి ప్రశ్న. ఉల్లిపాయ ఒకటే అయినా అందులో మూడు సంగతులున్నాయి: రుచి, ఆరోగ్యం, అత్తగారు. మూడోదాని జోలికి పోయేటంత ధైర్యం నాకు లేదు గనుక మొదటి రెండింటితో సరిపెట్టుకుంటాను.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో తెల్ల ఉల్లి అంటే అసలు ఈ గడ్డే కాదు. వెల్ల అంటే తెలుపు. పండుగకు గోడలకు వెల్ల వేయిస్తామే, ఆ వెల్లే. దానికి ఉల్లి చేరితే వెల్లుల్లి అయింది. కన్నడంవారి బెళ్ళుళ్ళి, మలయాళంవారి వెళుత్తుళ్ళి కూడా ఈ లెక్కన తెల్ల ఉల్లులే. అంటే ఆ పేరును వెల్లుల్లి ఏనాడో తన పేర రిజిస్టరు చేయించుకున్నదన్నమాట. ఇక రంగు చెప్పనక్కరలేని ఉల్లిపాయను కోస్తాలో పెద్దవాళ్ళు నీరుల్లి అనేవారు, తెలంగాణాలో ఉల్లిగడ్డ అంటారు. మా కడప వైపు అది ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ.

పెళ్ళయిన కొత్తలో మావారిని, "చారులోకి కావాలి, తెల్లగడ్డలు కాసిని తెచ్చిపెట్టండి" అన్నాను. ఆయనది గోదావరి జిల్లా. బజారంతా గాలించి కిలోన్నర తెల్ల ఉల్లిపాయలు మోసుకొచ్చారు. "నువ్వడిగినవే గదా? తెల్లగా ఉన్నాయి, గడ్డలుగా ఉన్నాయి" అని వాదన. వ్యాకరణం ఆయన పక్షాన ఉన్నది గాని చారు నా పక్షాన ఉన్నది.

మరి ఉల్లిపాయను ఎర్రగడ్డ అనేవాళ్ళం తెల్ల ఉల్లిపాయను ఏమనాలి? తెల్ల ఎర్రగడ్డ అనాలి. నవ్వకండి. మా ఇంట్లో ఆ పేరు పుట్టిన రోజు నాకు బాగా జ్ఞాపకమున్నది.

1994 వేసవి. బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాన్న సెలవుకు వస్తూ తెల్ల ఉల్లిగడ్డల జడ ఒకటి తెచ్చినాడు. జడ అంటే నిజంగా జడే. బొంబాయి రేవునుంచి సముద్రం దాటితే అవతల రాయగఢ్ జిల్లాలో అలీబాగ్ అనే ఊరున్నది. ఆ చుట్టుపక్కల వరి కోతలయ్యాక అవే మళ్ళలో ఈ గడ్డలు పండిస్తారు. ఆకులు కోసివేయకుండా ఎండనిచ్చి, వాటినే పాయలుగా అల్లి, జడలు జడలుగా అమ్ముతారు. వాటికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఊళ్ళో ఆనాడు అటువంటిది చూసినవాళ్ళే లేరు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసి పోయినారు.

మా జేజికి 1958లో, ఇరవై ఆరో ఏట, తాత పోయినాడు. ఆ రోజుల్లో మా ఇళ్ళలో అట్లాంటి ఆడవాళ్ళకు ఉల్లి నిషిద్ధం, వెల్లుల్లి నిషిద్ధం, రాత్రిపూట అన్నం నిషిద్ధం. ఆమె తినడం మానింది గాని తరగడం మానలేదు. ఇంటిల్లిపాదికీ, వచ్చే పోయే చుట్టాలకూ, ఉగ్గాని చేసినా పులుసు పెట్టినా, దోసెల మీదికి ఎర్రకారం నూరినా, పొద్దున్నే కత్తిపీట ముందు కూర్చుని ఎర్రగడ్డలు తరిగేది ఆమే. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తరిగేది.

ఆ రోజు చిన్నాన్న, "అమ్మా, పెద్దలు వద్దన్నది ఎర్రగడ్డను గదా. ఇది తెల్లది. ఇది నువ్వు తినొచ్చు" అన్నాడు. సంస్కృతం చదువుకున్న మా పెద్దతాత ఒప్పుకోలేదు. "పలాండువు తెల్లనిదైతే పలాండువు కాకుండా పోతుందా?" అన్నాడు. ఇద్దరికీ వాదన పెరిగింది. పిల్లలం మేము "తెల్ల ఎర్రగడ్డ, తెల్ల ఎర్రగడ్డ" అని గెంతుతున్నాము. జేజి తలెత్తకుండా తరుగుతూనే ఉన్నది.

"విడిచిపెట్టినోళ్ళయితే మళ్ళా పట్టుకోవచ్చు నాయనా. నేను విడిచిపెట్టలేదు. నాతో విడిపించినారు" అన్నది.

పెద్దతాత ఇంకేమీ మాట్లాడకుండా వసారాలోకి పోయినాడు. కాసేపటికి ఆమే మళ్ళీ, "ముప్పై ఆరేండ్లుగా తరుగుతున్నా. కండ్లనీళ్ళు రాని గడ్డ ఇదొక్కటే" అన్నది. పెరుగుపచ్చడి తనే కలిపింది, మాకందరికీ వడ్డించింది. తను తినలేదు.

ఆ గడ్డ ఆమెను ఏడిపించకపోవడానికి కారణం దాని తెలుపు కాదు. చాలామంది అట్లా అనుకుంటారు గనుక ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఉల్లిపాయ కోసినప్పుడు దాని కణాలు తెగుతాయి. లోపల విడివిడిగా దాగి ఉన్న గంధకపు పదార్థాలూ ఎంజైములూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. అందులోంచి పుట్టిన ఆవిరి కంటికి తగిలి నీళ్ళు తెప్పిస్తుంది. ఆ ఆవిరిని పుట్టించే ఎంజైము ఫలానా అని జపాను శాస్త్రజ్ఞులు 2002లో కనిపెట్టారు. 2013లో వారికి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమానం ఇచ్చారు. ఏడుపు గుట్టు విప్పినవారికి నవ్వుల బహుమానం, బాగుంది కదూ!

ఈ ఘాటు ఎక్కువో తక్కువో కావడానికి విత్తనం జాతి ఒక కారణం, నేలలో గంధకం ఎంత ఉన్నదన్నది ఇంకొక కారణం. నీటి తడి, ఎండ వేడి కూడా కొంత పనిచేస్తాయి. రంగు లెక్క వేరు. ఎర్ర ఉల్లిపాయ పొరల్లో ఉన్నది నేరేడుపండులో ఉండే రంగు జాతికి చెందినది. తెల్లదానిలో అది లేదు. అంతవరకే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో విడేలియా అనే చోట పండే ఉల్లిపాయలు తీపికి పేరుపొందినవి. వాటి పొర పసుపుపచ్చన. అక్కడి నేలలో గంధకం తక్కువ గనుక ఘాటు తక్కువ. మన గుజరాత్‌లో భావనగర్ జిల్లా మహువా ప్రాంతపు గడ్డలు చూడబోతే తెల్లగా మల్లెమొగ్గల్లా ఉంటాయి, కోస్తే కన్ను తెరవనీయవు. కనుక అంగడివాడు "తెల్లవి తియ్యగా ఉంటాయమ్మా" అంటే తల ఊపకండి. ఒక గడ్డ కోయించి, చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి.

మహువా మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. "మేము జన్మలో తెల్ల ఉల్లిపాయ తినలేదు" అనేవారు కూడా దాన్ని తినే ఉంటారు. మహువాలో ఉల్లిపాయలను ముక్కలు చేసి ఎండబెట్టే కార్ఖానాలు చాలా ఉన్నాయి. వాటికి తెల్లగడ్డే కావాలి; ఎర్రది ఎండితే రంగు మాసిపోయి చూడడానికి బాగుండదు. అదీగాక మామూలు ఉల్లిపాయలో నూటికి 86 పాళ్ళకు పైగా నీరే. అంత నీటిని ఎగరగొట్టాలంటే ఖర్చు. అందుకని నీరు తక్కువ, గట్టిదనం ఎక్కువ ఉన్న తెల్ల రకాలను ఏరి పెంచుతారు. అయినా ఎనిమిది పది కిలోల పచ్చి గడ్డలు ఎండితే గాని కిలో ఎండుముక్కలు రావు. ఆ ముక్కలూ, వాటి పొడీ దేశదేశాలకు పోతాయి. సూపు పొట్లాలలో, నూడిల్సుతో వచ్చే మసాలా పొట్లాలలో, పిల్లలు కరకరలాడించే చిప్సులలో ఉల్లిపొడి ఉంటుంది. పొట్లం వెనుక సన్న అక్షరాలు చదివే ఓపిక ఉంటే మీకే కనబడుతుంది.

ఇక వంట. ముందు ఉత్తరం రాసిన వారికి జవాబు: ఉల్లికారం చేయకండి. ఉల్లికారానికి ప్రాణం ఘాటు. నూనెలో మగ్గిన తర్వాత కూడా మిరపకాయతో సమానంగా నిలబడగలిగిన గడ్డ కావాలి. అలీబాగ్ తరహా సాత్త్వికమైన తెల్లగడ్డతో చేస్తే వంకాయ లోపల తియ్యటి ముద్ద మిగులుతుంది. మా వైపు ఎర్రకారానికయితే దీని పేరే ఎత్తకూడదు. ఉల్లిపాయ పులుసుకు కూడా ఎర్రదే మేలు. బిర్యానీ మీద చల్లే వేపుడు ముక్కలకు ఏ రంగుదైనా ఎండిన గట్టి గడ్డ కావాలి. నీరు నిండిన గడ్డను వేయించబోతే సగం సేపు అది నూనెలో ఉడుకుతూ ఉంటుంది.

తెల్లదాని అసలు చోటు పెరుగుపచ్చడి. ఎర్రగడ్డ ముక్కలు పుల్లటి పెరుగులో కాసేపుంటే గులాబీరంగు దిగుతుంది. చుట్టాలకు అది ముచ్చటగానే ఉంటుందనుకోండి. తెల్లగడ్డ వేస్తే పెరుగు పెరుగులాగే ఉంటుంది, పైన పోపులో ఆవాలూ కరివేపాకూ ఎండుమిరపకాయా కళకళలాడతాయి. గడ్డను వీలైనంత సన్నగా చీల్చాలి. ఉప్పు ముందుగా కలిపితే ముక్కల్లోని నీరంతా బయటికి వచ్చి పచ్చడి పలచనవుతుంది. విస్తళ్ళు వేసిన తర్వాతనే ఉప్పూ పెరుగూ కలపాలి. పోపు చల్లారిన తర్వాత వేయాలి. పళ్ళు కదిలిన పెద్దవాళ్ళకూ, పచ్చి ఉల్లి ఘాటుకు మొహం చిట్లించే చిన్నపిల్లలకూ ఈ పచ్చడి ఇష్టంగా ఉంటుంది.

పెసరట్టు మీద చల్లడానికి కూడా బాగుంటుంది. అట్టు మీద ముక్క సగం పచ్చిగానే ఉండిపోతుంది కదా, అక్కడ సాత్త్వికమైన గడ్డ మంచిది. చద్దన్నంలోకీ, జొన్నరొట్టెలోకీ మాత్రం నాకు ఎర్రదే కావాలి. ముక్కుకు ఎక్కని ఉల్లిపాయతో చద్దన్నమేమిటి!

తెల్ల కుర్మా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. హోటళ్ళలో పాలమీగడలాంటి రంగుతో వస్తుంది చూడండి, అది ఇంట్లో ఎందుకు రాదని చాలామంది అడుగుతారు. పచ్చి ఉల్లిపాయను మిక్సీలో వేసి రుబ్బుతారు. ఇందాక చెప్పిన ఎంజైములకు అంతకన్నా పండుగ లేదు. ముద్ద ఘాటెక్కి చేదెక్కుతుంది. ఆ చేదు పోయేదాకా వేయిస్తే రంగు మారిపోతుంది. తెల్లగడ్డలను నాలుగేసి ముక్కలు చేసి, మునిగేటన్ని నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి మెత్తబడేదాకా ముందు ఉడికించండి. ఉడికితే ఎంజైములు చచ్చిపోతాయి. అప్పుడు జీడిపప్పు, నానబెట్టిన గసగసాలు, పచ్చికొబ్బరి చేర్చి రుబ్బితే వెన్నలాంటి ముద్ద వస్తుంది. పసుపు వేయకండి. కారానికి పచ్చిమిరపకాయలు చాలు. అన్నట్టు, ఉడికించిన నీళ్ళు పారబోయకండి, కుర్మాలోనే పోయండి, తీపంతా అందులోనే ఉన్నది.

మజ్జిగపులుసులో తెల్లగడ్డ ముక్కలు వేస్తే చూడడానికీ తినడానికీ బాగుంటుంది. ఉప్మాలో ఏదైనా ఒకటే. పకోడీలకు వేయవచ్చును గాని, ముక్కలకు ఉప్పు పట్టించి పిండి, ఆ నీటితోనే శనగపిండి కలుపుకోవాలి, వేరే నీళ్ళు పోయరాదు. ఎర్రగడ్డ పకోడీలో వంటసోడా ఎక్కువయితే ముక్కలు ఒక్కొక్కప్పుడు నీలంగానో పచ్చగానో తిరుగుతాయి. తెల్లదానితో ఆ బెడద లేదు. దీనికి ఇంకొక విడ్డూరం ఉన్నది. పచ్చిముద్ద చేసి నిమ్మరసమో పులుసో కలిపి అట్టేపెడితే ఒక్కొక్కప్పుడు గులాబీరంగుకు తిరుగుతుంది. వెల్లుల్లి ముద్ద పచ్చగా మారడం లాంటిదే ఇది. రంగు మారినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనుల్లో అడుగుతుంటారు, అక్కడ అంగడిలో పసుపుపచ్చవి, ఎర్రవి, తెల్లవి మూడూ ఉన్నాయి, ఏది కొనాలి అని. కూరకూ పులుసుకూ పసుపుపచ్చది చాలు. తెల్లదాన్ని అక్కడ ఎక్కువగా వాడేది మెక్సికోవారు. వారు దాన్ని సన్నగా తరిగి, టమాటా, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, నిమ్మరసంతో కలిపి పచ్చిగా తింటారు. ఆ మాట విన్న మా పక్కింటి పిన్నిగారు, "అది మన పచ్చడే కదా, పోపు మరిచిపోయారు పాపం" అన్నారు.

ఇక వడదెబ్బ మాట. ఎండలో పోయేటప్పుడు జేబులో ఉల్లిపాయ వేసుకోవడం, అరికాళ్ళకు రసం రుద్దడం మన ఊళ్ళలో ఉన్నదే. పెరుగుపచ్చడి తింటే కడుపుకు హాయిగా ఉంటుంది, కాదనను. కాని వడదెబ్బ ప్రాణాంతకమైన జబ్బు. 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా ఎండదెబ్బకు పోయారు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతూ ఉన్న మనిషిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా చన్నీళ్ళు పోసి విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయరాదు. ఆ సమయంలో ఉల్లిపాయ కోసం వంటింట్లో వెతుక్కుంటే పోయే నిమిషాలు తిరిగిరావు. ఎర్రదైనా తెల్లదైనా దానికి ఆ శక్తి లేదు. వడదెబ్బకు మందని చెప్పి ఎక్కువ ధర అడిగే అంగడివాడికి ఆ ఎక్కువ డబ్బు ఇవ్వనక్కరలేదు. రుచికోసమయితే ఇవ్వండి.

కొన్నా కొంచెమే కొనండి, ఎందుకంటే తెల్లది సామాన్యంగా ఎర్రదానంత కాలం నిలవ ఉండదు. దీనికి ఒక కథ ఉన్నది. తెల్లగడ్డల పైపొరల మీద నల్లటి మచ్చలు వేసే బూజు తెగులు ఒకటున్నది. రంగు గడ్డలను అది అంతగా అంటుకోదు. ఎందుకా అని అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పరిశోధించి, రంగు పొరల్లో బూజును చంపే పదార్థం ఉన్నదని 1929లో తేల్చారు. వారిలో ఒకరు కార్ల్ పాల్ లింక్. గుండె ఆపరేషనయిన కొందరికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు తర్వాత వెలువడింది ఆయన ప్రయోగశాలలోనే. ఎర్రగడ్డకు ఆ ఎండుపొర కవచం. తెల్లదానికి పొర ఉన్నది గాని కవచం లేదు.

కొనేటప్పుడు మెడ దగ్గర నొక్కి చూడండి. మెత్తగా ఉంటే లోపల కుళ్ళు మొదలయిందన్నమాట. పైన పచ్చరంగు తిరిగిన గడ్డలుంటాయి. అవి ఎండ తగిలి పచ్చబడినవి, ఆ పొర తీసివేస్తే సరిపోతుంది. నల్లటి పొడి పైపొరకే ఉంటే ఒలిచి కడుక్కోవచ్చు, లోపలికి దిగితే పారవేయాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి, బంగాళాదుంపల పక్కన పెట్టకండి. గాలి ఆడే బుట్టలో, తడి లేని చోట ఒకదానిమీద ఒకటి ఎక్కువ పడకుండా పెట్టుకోండి. జడగా దొరికితే ఇంకా మంచిది, కిటికీ పక్కన ఎండ పడనిచోట మేకుకు తగిలించి, కావలసినప్పుడు కిందినుంచి ఒక్కొక్కటే కోసుకోవచ్చు. మా జేజి అట్లాగే తగిలించింది. అడుగున మిగిలిన రెండు గడ్డలు మొలకెత్తితే పెరట్లో గుచ్చింది. నెల తిరిగేసరికి వచ్చిన కాడలను కోసి పెసరపప్పులో వేసింది.